పది గేదెల షెడ్డుకు పదడుగుల గోడ ఎందుకు?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు మండలం. ఊరికి ఆనుకొని ఉన్న మా చేలో తూర్పు పడమరలుగా 50 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పున ఇనుప స్తంభాలు నాటించి రేకులు వేయించాను. పొడవు వైపు పదడుగులకు ఒక స్తంభం ఉంది. స్తంభాలకు ఐదడుగుల గోతులు తీసి కాంక్రీటు పోశారు. నేల నల్లరేగడి. పది గేదెలు, నాలుగు దూడలు ఉంటాయి. ఒక పక్క దాణా, పనిముట్లు, కోతలయ్యాక కొన్నాళ్లు మిర్చి బస్తాలు పెట్టాలని ఉంది. ఇప్పుడు గోడలు కట్టాలి. మా మేస్త్రి రెండడుగుల పునాది తీసి, చుట్టూ పదడుగుల ఎత్తున తొమ్మిదంగుళాల ఇటుక గోడ కట్టి, రెండు వైపులా ప్లాస్టరింగ్ చేయడానికి మొత్తం 4,40,000 రూపాయలకు గుత్త చెప్పారు. ఇటుక 9 రూపాయలు, సిమెంటు బస్తా 340, వంద ఘనపుటడుగుల ఇసుక ట్రక్కు 3,500, ఆరంగుళాల సిమెంటు దిమ్మె 40 రూపాయలకు దొరుకుతున్నాయి. కూలి మాత్రమే ఇస్తే తొమ్మిదంగుళాల గోడకు చదరపు అడుగుకు 40, సన్న గోడకైనా దిమ్మెల గోడకైనా 30, ప్లాస్టరింగుకు 25 అడుగుతున్నారు. నాన్నగారు పాత చావడిలా రాతి గోడ కట్టమంటున్నారు. బావమరిది సిమెంటు దిమ్మెలంటున్నాడు. నాకేమో ఇటుకనే నాలుగున్నర అంగుళాలకు తగ్గిస్తే సగం ఖర్చు తగ్గుతుందనిపిస్తోంది. ఏది చవక? ప్రభుత్వ సాయం ఏమైనా ఉందా?

సమాధానం: ఇటుకా, రాయా, దిమ్మెలా అని ఇంట్లో ముగ్గురూ మూడు మాటలు చెబుతున్నారు. ఆ ముగ్గురూ, మేస్త్రితో సహా, చుట్టూ పదడుగుల గోడ ఉండాలన్నది ఖాయం చేసుకున్నాకే మాట్లాడుతున్నారు. నేను మొదట అడిగేది అదే. గేదెలున్న వైపు పదడుగుల గోడ ఎందుకు? ఆ ప్రశ్నకు జవాబు దొరికితే మీ ఖర్చులో పెద్ద భాగం అక్కడే తగ్గుతుంది. అలా మిగిలిన డబ్బులో కొంత, మేస్త్రి రెండడుగులతో సరిపెడదామన్న చోట, అంటే భూమిలోపల పెట్టాల్సి ఉంటుంది. నా సలహా మొత్తం ఈ రెండు విషయాల మీదే నడుస్తుంది.

గేదె నల్లటి జంతువు. చెమట గ్రంథులు తక్కువ. ఒంట్లో వేడిని బయటికి పంపుకోవడానికి దానికి గాలి, నీడ, నీళ్లు తప్ప వేరే దారి లేదు. మే నెలలో గుంటూరు ఎండ మీకు నేను చెప్పనక్కర్లేదు. రేకు కింద, నాలుగు వైపులా గోడ మూసిన చోట పది గేదెలను కట్టేస్తే పైనుంచి రేకు వేడి, కింద మూత్రం నుంచి లేచే అమ్మోనియా ఘాటు రెండూ అక్కడే నిలిచిపోతాయి. మేత తగ్గుతుంది, పాలు తగ్గుతాయి, ఎదకు రావడం ఆలస్యమవుతుంది. గోడకు ఖర్చు పెట్టి పాలు పోగొట్టుకోవడం ఏ లెక్కన చూసినా నష్టమే. మన కోస్తా వాతావరణంలో పశువులకు నాలుగడుగుల గోడ చాలు. దాని పైన చూరు వరకు ఖాళీగా వదలాలి. షెడ్డును తూర్పు పడమరలుగా వేయించారు, చాలా మంచి పని చేశారు. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు ఎండ లోపలికి రాదు. మిగిలేది సాయంత్రం పడమటి ఎండ. దాన్ని ఆపడానికి సామాన్ల గదిని పడమటి కొసన పెట్టండి. ఆ గది గోడే గేదెలకు నీడ అవుతుంది, విడిగా ఖర్చు లేదు.

చలికాలం గాలికీ, వాన జల్లుకీ ఏం చేయాలంటారేమో. ఉత్తరం, తూర్పు వైపుల పైన టార్పాలిన్ చుట్టలు కట్టి, అవసరమైనప్పుడు దించుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల రోజుల్లోనే వాటితో పని. మిగతా కాలమంతా ఎత్తి ఉంచండి.

గాలి గురించి ఇంకో మాట, ఇది ఖర్చు కన్నా ముఖ్యం. గాలి భారానికి వాడే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 విజయవాడకు సెకనుకు 50 మీటర్ల మూల వేగాన్ని చూపిస్తుంది. అంటే గంటకు 180 కిలోమీటర్లు. మీ ఊరూ దానికి దూరమేమీ కాదు. మూడు పక్కలా పైదాకా మూసి ఒక్క పక్క తెరిచి ఉంచితే, లోపలికి దూరిన గాలి బయటికి పోయే దారి లేక రేకులను కింది నుంచి ఎత్తేస్తుంది. ఎదురెదురు వైపులు రెండూ తెరిచి ఉంటే గాలి దూసుకుపోతుంది. పొట్టి గోడ ఉన్న షెడ్డు పైకప్పుకు ఇదే రక్షణ. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు టార్పాలిన్లు ఎత్తి కట్టేయండి. పడమట గది గోడ ఉంది కాబట్టి, అవి దించితే దక్షిణం ఒక్కటే తెరిచి ఉంటుంది. రేకులను పట్టే హుక్కు బోల్టులకు వాషర్లు ఉన్నాయో లేదో గోడ పని మొదలుకాక ముందే నిచ్చెన వేసి చూడండి.

ఇక లెక్కకు వద్దాం. ఒక ఇటుక ధరా, ఒక దిమ్మె ధరా పక్కపక్కన పెట్టి పోల్చడం వల్లే మీ ఇంట్లో వాదన తేలడం లేదు. పోల్చాల్సింది పూర్తయిన వంద చదరపు అడుగుల గోడను. నేను రాసే రూపాయలన్నీ మీరు రాసిన ధరల మీద కట్టినవే. ధర మారితే రూపాయి మారుతుంది, పరిమాణాలు మాత్రం అవే ఉంటాయి.

తొమ్మిదంగుళాల గోడ వంద చదరపు అడుగులకు, 9 x 4½ x 3 అంగుళాల ఇటుక అయితే, విరిగేవాటితో కలిపి వెయ్యి ఇటుకలు పడతాయి. ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ల ఇసుక కలిపే మాలుకు మూడు బస్తాల సిమెంటు, 20 ఘనపుటడుగుల ఇసుక. ఇటుకకు 9,000, సిమెంటుకు 1,020, ఇసుకకు 700, కూలికి 4,000. మొత్తం 14,720 రూపాయలు, అంటే చదరపు అడుగుకు 147. ప్లాస్టరింగ్ ఒక వైపు వంద చదరపు అడుగులకు ముప్పాతిక బస్తా సిమెంటు, ఐదు ఘనపుటడుగుల ఇసుక, కూలి కలిపి 2,930 అవుతుంది. అడుగుకు 29 అనుకోండి. మీ మేస్త్రి చెప్పిన గోడ చుట్టుకొలత 148 అడుగులు, ఎత్తు పది, కాబట్టి 1,480 చదరపు అడుగులు. గేటు, తలుపుల ఖాళీ తీసేయలేదని గమనించండి. గోడకు 2,17,000, రెండు వైపుల ప్లాస్టరింగుకు 86,000, కలిపి 3,03,000 దాకా తేలుతుంది. మిగిలిన 1,37,000 పునాది, మేస్త్రి లాభం. కాబట్టి ఆయన మిమ్మల్ని మోసం చేస్తున్నారని నేను అనను. ఆయన ఇల్లు కట్టినట్టు షెడ్డుకు లెక్క వేశారు, అంతే.

మీరు అనుకున్న నాలుగున్నర అంగుళాల గోడ సంగతి. ఇటుకలు సగమే, నిజం. ఐదు వందలకు 4,500. కానీ సన్న గోడకు మాలు బలంగా, ఒకటికి నాలుగు పాళ్లలో కలపాలి. సిమెంటు రెండు బస్తాల దాకా, ఇసుక పది ఘనపుటడుగులు, కూలి 3,000. మొత్తం 8,530. తగ్గింది, కానీ సగం కాలేదు. అసలు ఇబ్బంది డబ్బులో లేదు. ఎదిగిన గేదె బరువు ఐదు క్వింటాళ్ల దాకా ఉంటుంది. అది ఒళ్లు రుద్దుకోవడానికి గోడకు ఆనుతుంది, రెండు కుమ్ములాడుకుంటే గోడ మీదే పడతాయి. పైన స్లాబు భారం లేని నాలుగున్నర అంగుళాల గోడ ఆ తోపుడుకు నిలవదు. ఆ గోడను పశువుల వైపు కట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. అది కూలితే గేదె కాలు విరగవచ్చు, మనిషి కింద పడవచ్చు.

సిమెంటు దిమ్మెలు 16 x 8 x 6 అంగుళాలవి వంద చదరపు అడుగులకు 112 చాలు. దిమ్మెలకు 4,480, సిమెంటు బస్తా లోపే పడుతుంది, ఒకటి వేసుకున్నా 340, ఇసుక ఆరు ఘనపుటడుగులకు 210, కూలి 3,000. మొత్తం 8,030, చదరపు అడుగుకు 80. సామాన్ల గదికి ఇదే సరైనది. మీ బావమరిది మాట సగం ఒప్పుకుంటున్నాను. సగమే ఎందుకంటే దిమ్మెల గోడకు పగుళ్ల గుణం ఎక్కువ, ఆ పగుళ్లు సాధారణంగా కొనేటప్పటి పొరపాటు వల్ల వస్తాయి. పోసి వారం కూడా కాని పచ్చి దిమ్మెలు తెచ్చి పేరిస్తే, అవి గోడలోనే ఆరి, కుదించుకుపోయి, అతుకుల దగ్గర మెట్లు మెట్లుగా చీలతాయి. తయారై కనీసం నాలుగు వారాలైన దిమ్మెలే కొనండి. రెండింటిని ఒకదానితో ఒకటి కొడితే ఖణేలుమనాలి, అంచులు రాలకూడదు. కట్టేటప్పుడు మట్టి ఇటుకలను నానబెట్టినట్టు దిమ్మెలను నీళ్ల తొట్టిలో ముంచకూడదు. పైపైన తడి చిలకరిస్తే చాలు. మట్టి ఇటుకను మాత్రం కచ్చితంగా నానబెట్టాలి, లేకపోతే అది మాలులో నీళ్లన్నీ తాగేసి అతుకును పిండి చేస్తుంది. ఈ రెండూ తారుమారు చేసే కూలీలు చాలామంది ఉన్నారు.

ఫ్లైయాష్ ఇటుకను మీరు ప్రస్తావించలేదు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిద దగ్గర్లోనే ఉండటంతో విజయవాడ చుట్టుపక్కల వాటి తయారీ బాగా ఉంది. మూలలు తిన్నగా ఉంటాయి, అందుకే మాలు, ప్లాస్టరింగ్ మందం రెండూ తగ్గుతాయి. ప్రత్తిపాడు దాకా లారీ బాడుగ కలిపి మట్టి ఇటుక కన్నా చవకగా పడితే నిస్సందేహంగా వాడుకోండి. మట్టి ఇటుకే అయితే బేరానికి ముందు పది ఇటుకలను పొడవుగా వరసలో పేర్చి టేపు పట్టండి. 90 అంగుళాలు రావాలి. 85 వస్తే ఎత్తు, వెడల్పు కూడా ఆ మేరకు తగ్గే ఉంటాయి, అదే గోడకు వందకు పదికి పైగా ఇటుకలు ఎక్కువ పడతాయి. తొమ్మిది రూపాయల ఇటుక అప్పుడు పది రూపాయలదే అవుతుంది.

నాన్నగారి రాతి గోడకు నాకు గౌరవం ఉంది. మాచర్ల, దాచేపల్లి వైపు నాపరాయి ఇంటి పక్కనే దొరికే రైతుకు, కొండపల్లి కొండల దగ్గర ఉన్నవారికి అది మంచి గోడే. పాతకాలపు చావళ్లు అలాగే నిలబడ్డాయి. కానీ ముతక రాతి కట్టుబడి పదిహేనంగుళాల మందం లేకుండా నిలవదు. గోడలో మూడో వంతు మాలే ఉంటుంది. వంద చదరపు అడుగులకు ఐదారు బస్తాల సిమెంటు తాగుతుంది, అంటే ఇటుక గోడకు రెట్టింపు. రాయి తెచ్చే బాడుగ, చెక్కే కూలి, వెడల్పాటి పునాది కలిపితే మీ ఊళ్లో అది అన్నిటికన్నా ఖరీదైన గోడ. ఆయన కోరిక పూర్తిగా తీసేయకుండా మేత తొట్ల కిందా, కడిగిన నీళ్లు పోయే కాలువ అంచులకూ రాయి పెట్టించండి. అక్కడ ఇటుక కన్నా రాయే మన్నుతుంది.

ఇప్పుడు నేను చెప్పే ఏర్పాటుకు లెక్క చూడండి. పడమటి పదడుగులు సామాన్ల గది. నాలుగు వైపులా 68 అడుగుల గోడ, తొమ్మిదడుగుల ఎత్తు, తలుపు తీసేస్తే సుమారు 580 చదరపు అడుగులు, ఆరంగుళాల దిమ్మెలతో 46,400 రూపాయలు. మిగతా 40 అడుగులు పశువులకు. గేదెకు నాలుగడుగుల వెడల్పు చొప్పున ఐదేసి రెండు వరసలు 20 అడుగుల్లో సరిపోతాయి. మిగిలిన 20 అడుగులు దూడలకు, ఈనే గేదెను విడిగా కట్టడానికి. ఉత్తరాన 40, దక్షిణాన 40, తూర్పున పదడుగుల గేటు పోను 14, మొత్తం 94 అడుగుల పొట్టి గోడ. నాలుగడుగుల ఎత్తున 376 చదరపు అడుగులు, ఇటుకతో తొమ్మిదంగుళాలే కట్టండి. 55,300 అవుతుంది. ప్లాస్టరింగ్ అన్ని చోట్లా అక్కర్లేదు. పశువుల వైపు నాలుగడుగుల మేర నున్నగా, ఒకటికి నాలుగు పాళ్లలో చేయించాలి. పేడ, మూత్రం ఇటుకలోకి దిగితే నాలుగైదేళ్లలో అది పొరలుపొరలుగా రాలుతుంది. సామాన్ల గదికి బయట వాన కొట్టే మూడు వైపులా చేయించండి, లోపల మానేయండి. పొట్టి గోడకు బయటి వైపు అతుకులు పూడ్చి గీత గీస్తే చాలు. ఇవన్నీ కలిపి 25,000 దాకా. మొత్తం 1,27,000కు అటూ ఇటూ తేలుతుంది. మేస్త్రి లెక్కలో నేల పైన గోడ ఖర్చు 3,03,000 కదా. తేడా 1,76,000.

ఆ తేడా మొత్తం మీ జేబులోకి రావాలని నేను కోరుకోవడం లేదు. పునాది సంగతి ఇప్పుడు చెబుతాను, దయచేసి ఇది రెండుసార్లు చదవండి. నల్లరేగడిలో ఉండే మాంట్‌మొరిల్లొనైట్ జాతి బంకమన్ను నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. ఏటా వానకు ఎత్తి, ఎండకు దించుతూ అది గోడను ఆడిస్తుంది. షెడ్డు గోడ తేలికైనదే కాబట్టి రెండడుగులు చాలని మేస్త్రులు అంటారు. నల్లరేగడిలో ఇది తలకిందుల ఆలోచన. బరువైన మేడ ఉబ్బే మట్టిని అణచి ఉంచగలదు, తేలిక గోడనే మట్టి ఎత్తిపడేస్తుంది. మీ ఊళ్లో ప్రహరీ గోడలు చూడండి, మేడ గోడ బాగానే ఉండి, పక్కన ప్రహరీ చీలి ఉంటుంది.

పునాది ఎంత లోతు కావాలో మీరే కనుక్కోవచ్చు. ఎండాకాలం చివర చేలో పెద్ద నెర్రె చూసి సన్నటి ఇనుప చువ్వ దింపండి. అది ఎంత లోతుకు దిగితే మట్టి కనీసం అంత లోతు వరకు కదులుతున్నట్టే, పునాది అడుగు దానికన్నా కిందికి పోవాలి. షెడ్డు పక్కనే ఒక గొయ్యి తవ్వించి నల్లమట్టి ఎక్కడ ఆగి గట్టి నేల తగులుతుందో కూడా చూడండి. నాలుగైదు అడుగుల్లో గట్టి నేల వస్తే మీ స్తంభాల కింది కాంక్రీటు దిమ్మెలు సరైన చోటే కూర్చున్నట్టు. అంతకన్నా లోతుగా నల్లమట్టే ఉంటే, బోరు యంత్రంతో పన్నెండడుగుల దాకా దింపి అడుగున ఉబ్బెత్తుగా కోసి కాంక్రీటు కంబాలు పోసే పైల్స్ పద్ధతి ఉంది. దాన్ని పూర్తిగా వాడాలా వద్దా అన్నది ఆ గొయ్యి చూశాకే తేల్చాలి.

గోడ కింద చుట్టూ కందకం తవ్వి రాయి పేర్చడం కన్నా మీ షెడ్డుకు వేరే దారి మేలు. స్తంభం నుంచి స్తంభానికి నేల మట్టంలో కాంక్రీటు బీము పోసి, గోడను ఆ బీము మీద నిలపండి. బీము అడుగున మూడు నాలుగంగుళాల ఖాళీ వదలాలి. వానాకాలం ఉబ్బిన మట్టి ఆ ఖాళీలోకి లేస్తుంది, బీమును తాకదు, గోడ కదలదు. ఖాళీలోకి మట్టి జారకుండా, ఎలుకలు దూరకుండా రెండు పక్కలా నాపరాయి పలకలు నిలబెడితే సరి. 162 అడుగుల పొడవుకు తొమ్మిదంగుళాల వెడల్పు, అడుగు లోతు బీము అయితే సుమారు 120 ఘనపుటడుగుల కాంక్రీటు, రెండు క్వింటాళ్లకు పైగా ఇనుము పడుతుంది. పడమటి కొసన, లోపలి అడ్డగోడ కింద 24 అడుగుల మేర స్తంభం లేకపోతే మధ్యలో అదే లోతున ఒకటో రెండో కొత్త కాంక్రీటు దిమ్మెలు పోయాలి. కమ్మీల మందం, ఉన్న స్తంభాల దిమ్మెలు ఈ అదనపు బరువు మోస్తాయా లేదా అన్నది ఒక సివిల్ ఇంజనీరుతో అక్కడికి వచ్చి చూడమని అడగండి. ఆ ఫీజు దగ్గర వెనకాడకండి. మేస్త్రి లెక్కలో పునాదికీ లాభానికీ కలిపి ఉన్న 1,37,000తో ఈ పని చాలావరకు అయిపోవాలి. కాకపోతే మిగిలిన దానిలోంచి కలపండి.

మీ షెడ్డుకు ఇళ్లకు లేని ముప్పు ఇంకొకటి ఉంది. పది గేదెలను రోజూ కడిగిన నీళ్లు, వాటి మూత్రం గోడ వారగా ఇంకితే, ఆ పక్క మట్టి ఏడాది పొడవునా ఉబ్బి ఉంటుంది, అవతలి పక్క ఎండుతుంది. గోడ చీలడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. నేలను కాలువ వైపు వాలుగా పోయించండి. కాలువ గోడకు అంటుకోకుండా లోపలికి ఉండాలి, నీళ్లు షెడ్డుకు దూరంగా పేడ గుంతలోకి పోవాలి. చూరు నీళ్లకు తూము కట్టించండి. బయట గోడ చుట్టూ మూడడుగుల మేర గ్రావెల్ పరిచి వాలు ఇవ్వండి. లోపల నేల ఎత్తు పెంచడానికి చేలో నల్లమట్టినే ఎత్తి పోయవద్దు, గ్రావెల్ తోలించండి. నీడ కోసమని గోడకు దగ్గరగా వేప, తుమ్మ నాటకండి, వాటి వేళ్లు ఎండాకాలం పునాది కింది తడి లాగేస్తాయి. ఇరవై అడుగుల అవతల నాటండి.

మిర్చి బస్తాలు మాత్రం ఆ గదిలో పెట్టవద్దు. పక్కనే రోజూ కడిగే కొట్టం ఉంటే గాలిలో తేమ తగ్గదు. ఎండిన కాయ ఆ తేమ పీల్చుకుని రంగు మారుతుంది, బూజు పడుతుంది, బూజు నుంచి పుట్టే విషం అఫ్లటాక్సిన్ వచ్చిందంటే ఎగుమతి వ్యాపారి వెనక్కి పంపేస్తాడు. ఆరంగుళాల గోడ తేమను ఆపదు. మిర్చి యార్డుకో, కోల్డ్ స్టోరేజీకో నేరుగా పంపించండి. గదిలో దాణా బస్తాలు కూడా నేల మీద కాకుండా చెక్క బల్లల మీద, గోడకు అడుగు ఎడంగా పెట్టుకోండి. ఎండు గడ్డి వాము నిప్పు భయం వల్ల షెడ్డుకు దూరంగానే ఉండాలి.

గుత్త సంగతి. మొత్తం పని ఒక అంకెకు ఒప్పుకోకండి. సామాను మీరు కొనండి, కూలి చదరపు అడుగు చొప్పున, తలుపుల ఖాళీ తీసేసి, కట్టిన తర్వాత కొలిచి ఇవ్వండి. బీము పోశాక కొంత, గోడ పూర్తయ్యాక కొంత, ప్లాస్టరింగ్ తడి పూర్తయ్యాక మిగతాది అని కాగితం మీద రాసుకోండి. సిమెంటు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది. మీకు చెప్పిన 340 ఎప్పటి ధరో దుకాణంలో ఒకసారి అడగండి. ఇసుక 2024 జూలై 8 నుంచి ఉచిత విధానంలో ఉంది, కాబట్టి మీరిచ్చే 3,500 ప్రధానంగా తవ్వకం, ఎత్తుడు, బాడుగ. పక్క రైతులతో కలిసి లారీ మీద తెప్పిస్తే అడుగు ధర తగ్గుతుంది. వానాకాలం మొదలైతే కృష్ణలో తవ్వకాలు ఆగిపోతాయి, అప్పుడు నిల్వల నుంచి కొనాలి. అందుకే మొత్తం ఇసుక ముందే దింపించుకోండి. బోరు నీళ్లు నోటికి ఉప్పగా తగిలితే మాలుకు వాడవద్దు, బీములో అసలే వద్దు.

ప్రభుత్వ సాయం అడిగారు. 2024-25లో ఉపాధి హామీ కింద మినీ గోకులాల పేరుతో పశువుల షెడ్లకు 90 శాతం సాయం ఇచ్చారు, రైతు వాటా 10 శాతం. అవి రెండు, నాలుగు, ఆరు పశువులకు సరిపడే నమూనాలు. మీరు ఇప్పటికే సొంతంగా పైకప్పు వేసేశారు, పది గేదెలున్నాయి, కాబట్టి దాని మీద ఆశ పెట్టుకుని పని ఆపవద్దు. అయినా రైతు సేవా కేంద్రంలో ఇప్పుడు ఏ పథకం నడుస్తోందో కనుక్కోండి. మేత తొట్లకో పేడ గుంతకో ఏదైనా దొరికితే మంచిదే.

పని ఎప్పుడు మొదలుపెట్టాలో మీరు అడగలేదు కానీ చెబుతాను. బీము, పునాది గోతులు పొడి కాలంలోనే, సంక్రాంతి తర్వాత మొదలుపెట్టి వానలకు ముందే నేల పైకి రండి. గోడ రోజుకు నాలుగడుగుల కన్నా ఎత్తు లేపనివ్వకండి. ఇటుక గోడకు ఏడు రోజులు, మార్చి దాటితే పది రోజులు పొద్దున సాయంత్రం నీళ్లు కొట్టాలి. ప్లాస్టరింగుకూ అంతే. దిమ్మెల గోడకు మాత్రం అతుకుల మీద తడి ఆరకుండా చూస్తే చాలు, గోడంతా ముద్దగా తడపకండి. ఇంజనీరు చూసి వెళ్లాక గొయ్యిలో గట్టి నేల ఎన్ని అడుగులకు తగిలిందో, నెర్రెలో చువ్వ ఎంత దిగిందో నాకు రాయండి. ఆ రెండు అంకెలతో బీము కింద కొత్త దిమ్మెలు ఎన్ని కావాలో, ఖర్చు ఎంత పెరుగుతుందో లెక్క వేసి పంపిస్తాను.